నియంత్రణ ఎక్కడ బిగించాలి, ఎక్కడ సడలించాలి: కరెంటు తీగ నుంచి మిర్చి యార్డు దాకా ఒక పోలిక

గుంటూరులో శీతల గిడ్డంగుల లెక్కలు చూసే పనిలో నేను చాలా ఏళ్ళు గడిపాను. ఏటా సంక్రాంతి ముందు ఆ గిడ్డంగుల యజమానులు, కొందరు మిర్చి ఎగుమతిదారులు, విజయవాడ ఆటోనగర్ నుంచి ఒకరిద్దరు వర్క్‌షాపుల వారు ఒకచోట కూర్చుని, విద్యుత్ నియంత్రణ మండలికి పంపవలసిన అభ్యంతరాల కాగితం రాసేవారు. డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ఖర్చులను నిక్కచ్చిగా తనిఖీ చేయాలని, ధరను కట్టడి చేయాలని అందులో కోరేవారు. కాగితం ముగిశాక అదే బల్ల దగ్గర అగ్నిమాపక శాఖ అనుమతి, కాలుష్య మండలి సమ్మతి, మార్కెట్ సెస్సు, కాటాల ముద్ర ప్రస్తావనకు వచ్చేవి. అప్పుడు ప్రభుత్వం తమను తమ మానాన వదిలేస్తే చాలునని అందరూ అనేవారు. ఈ రెండు కోరికల్లోనూ న్యాయం ఉందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయితే రెండింటినీ ఒకే సూత్రంతో సమర్థించలేము. ఏ సేవకు ఏ రకం నియంత్రణ తగినదో విడివిడిగా తూచి చూసుకోవాలి. వ్యాపార సంఘాల్లో ఉన్నవారికి, కాలనీ సంక్షేమ సంఘాల వారికి, బహిరంగ విచారణల్లో మాట్లాడే అవకాశం వచ్చిన వారికి ఆ తూకంలో సాయపడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా అడగవలసినవి

ఏ సేవ విషయంలోనైనా రెండు ప్రశ్నలతో మొదలుపెట్టడం మేలు. సేవ నచ్చకపోతే వినియోగదారు దానిని వదిలి మరొకరి దగ్గరికి వెళ్ళగలడా అన్నది మొదటిది. తప్పు జరిగితే ఆ నష్టం తర్వాత పూడ్చుకోగలిగినదా, లేక ప్రాణం, ఆరోగ్యం, భూగర్భ జలం వంటి తిరిగిరాని వాటికి ముప్పు తెచ్చేదా అన్నది రెండవది. వదిలి వెళ్ళే దారి లేనిచోట ధర మీద కట్టడి తప్పదు. నష్టం తిరిగిరానిదైతే, ధర సంగతి ఎలా ఉన్నా, భద్రత మీద కట్టడి తప్పదు. ఈ రెండూ కలిసే రావాలని లేదు. చాలా వాదనలు తప్పుదారి పట్టడానికి కారణం ధర నియంత్రణను, భద్రత నియంత్రణను ఒకే మూటగా కట్టి మొత్తంగా కావాలనో, మొత్తంగా వద్దనో అడగడమే.

మన ముందున్న పద్ధతులు స్థూలంగా నాలుగు. ప్రభుత్వమో పురపాలక సంస్థో స్వయంగా సేవ నడపడం ఒకటి. మన కుళాయి నీరు, ఆర్టీసీ బస్సు ఆ కోవలోవి. ఒక కంపెనీ నడుపుతూ ఉండగా ధరను వేరొక స్వతంత్ర సంస్థ నిర్ణయించడం రెండవది. కరెంటు అలా నడుస్తోంది. ఒక ప్రాంతాన్ని పోటీ వేలంలో గెలిచిన సంస్థకు కొన్నేళ్ళపాటు అప్పగించడం మూడవది. గొట్టపు గ్యాస్ అందుకు ఉదాహరణ. ధరను పోటీకే వదిలి, నాణ్యతకు, భద్రతకు, వినియోగదారు మారే హక్కుకు మాత్రమే నియమాలు పెట్టడం నాలుగవది. సెల్‌ఫోన్ సేవ అందులోకి వస్తుంది. మిర్చి యార్డు వీటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు గనుక దాని గురించి విడిగా చెబుతాను.

కరెంటు: తీగ ఒకటే అయినప్పుడు

కరెంటు తీగ వీధికి ఒకటే ఉంటుంది. రెండో కంపెనీ వచ్చి అదే వీధిలో మరో వరుస స్తంభాలు పాతితే ఆ ఖర్చు కూడా చివరికి వినియోగదారు నెత్తినే పడుతుంది. అందుకే పంపిణీ దాదాపు ఎక్కడైనా గుత్తాధిపత్యంగానే ఉంటుంది. ఆ గుత్తాధిపత్యం ఎవరి చేతిలో ఉండాలి, దాని లెక్క ఎవరు అడగాలి అన్నదే అసలు ఎంపిక.

మన రాష్ట్రం ఈ విషయంలో రెండు పద్ధతులనూ చూసింది. ఒకప్పుడు ఉత్పత్తి, సరఫరా, ధర, వసూలు అన్నీ రాష్ట్ర విద్యుత్ బోర్డు చేతిలోనే ఉండేవి. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి యూనిట్‌తో పని ప్రారంభించిన థర్మల్ కేంద్రం ఆ బోర్డు కట్టినదే. ఆ బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేసిన నార్ల తాతారావు పేరును తర్వాత దానికి పెట్టారు. నిర్మాణంలో ఆ బోర్డు సాధించినది తక్కువేమీ కాదు. అయితే ధర పెంచాలా వద్దా అన్నది ఎన్నికల లెక్క అయిపోయి, నష్టాలు పేరుకుపోయి, ఆ నష్టం ఎవరి వల్ల ఎంత వచ్చిందో బయటివారికి తెలిసే మార్గం లేకుండా పోయింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చాక, 1999లో బోర్డును ఉత్పత్తికి, సరఫరాకు వేర్వేరు సంస్థలుగా విడదీసి నియంత్రణ మండలిని ఏర్పాటు చేశారు. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చాయి. ఆ ఏడాదే ఛార్జీల పెంపుపై ఉద్యమం లేచి, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ధర నిర్ణయాన్ని రాజకీయ నాయకుల చేతి నుంచి తప్పించి మండలికి అప్పగించినంత మాత్రాన ప్రజలు దానిని తమ నిర్ణయంగా భావించరని, వారికి ముందుగా వివరించవలసిన బాధ్యత అలాగే ఉంటుందని ఆ సంఘటన తెలియజేసింది.

2003 విద్యుత్ చట్టం ప్రకారం దరఖాస్తు అందిన 120 రోజుల్లో మండలి ధరల ఉత్తర్వు ఇవ్వాలి. ఒక వర్గానికి తక్కువ ధరకు కరెంటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, ఆ తేడాను తన ఖజానా నుంచి ముందుగానే చెల్లించాలని 65వ సెక్షన్ చెబుతుంది. నా దృష్టిలో ఈ చట్టంలో ఇది అన్నిటికన్నా విలువైన నియమం. 2004 నుంచి వ్యవసాయానికి ఇస్తున్న ఉచిత కరెంటు మంచిదా కాదా అన్న వాదన ఎటు తేలినా, దాని ఖర్చు ఎంతో, ఎవరు భరిస్తున్నారో కాగితం మీద కనిపించాలి. రాయితీ సొమ్ము ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, ఆ అప్పు వడ్డీ తర్వాతి ఏళ్ళ బిల్లుల్లోకి ఎక్కుతుంది.

ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. ఆమోదించిన ఖర్చుకు పైన రాబడి ఇచ్చే లెక్కలో ఖర్చు తగ్గించుకోవాలన్న ఆత్రం కంపెనీకి సహజంగా పుట్టదు. నియంత్రణ మండలి సిబ్బంది కన్నా డిస్కం ఇంజినీర్లకు తమ లెక్కలు ఎప్పుడూ ఎక్కువ తెలుసు. మా గిడ్డంగులను అన్నిటికన్నా బాధపెట్టినది సర్దుబాటు ఛార్జీ. ఏడాది మొదట్లో అంచనా వేసిన కొనుగోలు ఖర్చుకూ, అసలైన ఖర్చుకూ ఉన్న తేడాను తర్వాత వసూలు చేయడమే ట్రూఅప్. గిడ్డంగి యజమాని టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, సీజన్ అద్దె ముందే ఒప్పుకుంటాడు. ఆ సీజన్ తాలూకు తేడా బిల్లు వచ్చేసరికి ఆ టిక్కీలు ఎగుమతి అయిపోయి, రైతు లెక్క తేలిపోయి ఉంటుంది. ఆ మొత్తాన్ని అడగడానికి ఎవరూ మిగలరు. ఇంధన వ్యయ సర్దుబాటును 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేయడం మొదలుపెట్టారు. చాలామంది దీనిని తిట్టుకున్నారు గానీ, వ్యాపారం చేసేవారికి ఆలస్యంగా వచ్చే పెద్ద భారం కన్నా వెంటనే వచ్చే చిన్న భారమే నయమని నా అభిప్రాయం. ధర పెరిగిందన్న బాధ రెండింటిలోనూ ఒకటే. అయితే రెండో దానిని అద్దెలో కలుపుకోవచ్చు.

పంపిణీని ప్రైవేటుకు ఇస్తే ఈ చిక్కులు పోతాయా అని అడిగేవారికి రెండు రాష్ట్రాల అనుభవం చెప్పాలి. ఢిల్లీలో 2002లో పంపిణీని ప్రైవేటు సంస్థలకు అప్పగించాక, సరఫరాలో, వసూళ్ళలో సగానికి పైగా ఉన్న నష్టాలు క్రమంగా పది శాతం లోపుకు దిగాయి. అది నిజమైన విజయమే. మరోవైపు, ధర పెంచే నిర్ణయాలు వాయిదా పడుతూ రావడంతో కంపెనీలకు రావలసిన బకాయి వేల కోట్లకు పెరిగింది. దాని వసూలుకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టవలసి వచ్చింది. ఒడిశా 1999లోనే పంపిణీని ప్రైవేటుకు ఇచ్చింది. ఆ ఏడాది వచ్చిన పెను తుపాను తర్వాత ఒక విదేశీ కంపెనీ తప్పుకుంది. మిగిలిన లైసెన్సులను 2015లో మండలి రద్దు చేసింది. 2020, 2021ల్లో మరో సంస్థ చేతికి మళ్ళీ అప్పగించారు. యజమాని ఎవరైనా లెక్క అడిగే సంస్థ బలహీనంగా ఉంటే ఫలితం నిలవదని ఈ రెండింటి నుంచి తేలుతుంది.

నియమాలను మధ్యలో మార్చడం వల్ల కలిగే నష్టం మన రాష్ట్రంలోనే కనిపించింది. పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని, వాటిని తిరిగి చర్చించడానికి 2019 జులైలో ప్రభుత్వం కమిటీ వేసింది. వివాదం కోర్టుకు వెళ్ళి, మధ్యంతరంగా యూనిట్‌కు పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల చొప్పున చెల్లింపులు సాగాయి. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని తీర్పు చెప్పింది. పాత ధరలు వినియోగదారుకు భారమన్న వాదనలో బలం ఉంది. అయినా, సంతకం చేసిన ధర నిలబడుతుందన్న నమ్మకం సడలితే, తర్వాత వచ్చే పెట్టుబడిదారు ఆ అనుమానానికి కూడా ధర కట్టి వేలంలో పాల్గొంటాడు. ఒప్పందం కుదిరే ముందు గట్టిగా బేరమాడాలి, కుదిరాక దానికి కట్టుబడాలి.

ఇక మీ వ్యాపారానికి ఎంపిక. విజయవాడ కేంద్రంగా 2019 డిసెంబరులో ఏర్పడిన పంపిణీ కంపెనీ సీపీడీసీఎల్ పరిధిలో, అంటే ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో, ఒక మోస్తరు పరిశ్రమకు మూడు దారులు ఉన్నాయి. డిస్కం నుంచే కొనడం, కప్పు మీద సౌర పలకలు పెట్టుకోవడం, బయటి ఉత్పత్తిదారు నుంచి ఓపెన్ యాక్సెస్‌లో కొనడం. ఒక మెగావాట్ దాటిన వారికి ఓపెన్ యాక్సెస్ హక్కును 2003 చట్టమే ఇచ్చింది. పునరుత్పాదక విద్యుత్తు విషయంలో 2022 నిబంధనలు ఆ హద్దును 100 కిలోవాట్లకు దించాయి. అయితే బయట యూనిట్ చౌకగా దొరికినా, తీగ వాడుకున్నందుకు, డిస్కంను వదిలి వెళ్ళినందుకు కట్టవలసిన సర్‌ఛార్జీలు కలిపిన తర్వాతే పోల్చి చూడాలి; ఆ సర్‌ఛార్జీలు ఏటా మారతాయి గనుక పదేళ్ళ ఒప్పందం మీద ఒక్క ఏడాది లెక్కతో సంతకం చేయకూడదు. శీతల గిడ్డంగికి సౌర పలకలు కొంతవరకు బాగా నప్పుతాయి, ఎందుకంటే మిర్చి లోపలికి వచ్చి కంప్రెసర్లు గట్టిగా తిరిగే కాలం, ఎండలు ముదిరే కాలం ఒకటే. రాత్రి కూడా కంప్రెసర్ ఆగదు కనుక డిస్కం కనెక్షన్‌ను వదులుకోవడం కుదరదు. చిన్న వర్క్‌షాపులకు ఓపెన్ యాక్సెస్ ఆలోచన అనవసరం. వారు బిల్లు మీద హక్కులు తెలుసుకుంటే చాలు. బకాయికి కనెక్షన్ తీసేముందు 15 రోజుల లిఖిత నోటీసు ఇవ్వాలి. కొత్త కనెక్షన్‌ను మెట్రో నగరాల్లో 3 రోజుల్లో, పురపాలక ప్రాంతాల్లో 7 రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలని 2024లో సవరించిన నిబంధన చెబుతోంది. డిస్కం వినకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, దాని తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. గుత్తాధిపత్యం ఉన్నచోట ఇలాంటి వేదిక ఉండడం ధరలో పైసల తగ్గింపు కన్నా ఎక్కువ విలువైనది.

నీరు, గ్యాస్

తీగ కన్నా గొట్టం మరింత గుత్తాధిపత్యం. విజయవాడకు ఎదురుగానే కృష్ణ ఉంది. గుంటూరుకు తక్కెళ్ళపాడు, సంగం జాగర్లమూడి నుంచి శుద్ధిచేసిన నీరు వస్తుంది. రెండు చోట్లా నగరపాలక సంస్థే నీరు ఇస్తుంది, పన్ను వేస్తుంది, నీటిని పరీక్షిస్తుంది, ఫిర్యాదు కూడా తానే వింటుంది. ఈ నాలుగు పనులూ ఒకే చేతిలో ఉండడమే ఇక్కడ లోపమని నేను భావిస్తున్నాను. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు. ఆ కుటుంబాలకు మరో గొట్టం ఎంచుకునే దారి లేదు, నీటిలో ఏముందో చూసి తెలుసుకునే సాధనమూ లేదు. నేను మొదట చెప్పిన రెండు ప్రశ్నలకూ జవాబు ఒకేసారి వ్యతిరేకంగా వచ్చే సేవ ఇది.

దీనికి నీటి సరఫరాను ప్రైవేటుకు ఇవ్వాలన్నది కొందరి సలహా. నాకు అది నచ్చదు. సేవ నగరపాలక సంస్థ దగ్గరే ఉంచి, పరీక్షను, ఫలితాల ప్రకటనను మాత్రం బయటి ప్రయోగశాలకు అప్పగించి, వార్డుల వారీగా ప్రతి వారం ప్రకటించడం అంతకన్నా చవకైన దారి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి; గొట్టం మొదట్లో కాక, చివరి ఇంటి దగ్గర కొలిచిన అంకెను అడగండి. వీధి వీధికీ వెలిసిన నీటి ప్లాంట్ల డబ్బా నీరు పోటీ వల్ల చవకగానే దొరుకుతోంది. దానికి ధర కట్టడి అవసరం లేదు. సీలు వేసి అమ్మే సీసా నీటికి లైసెన్సు, ప్రమాణాలు ఉన్నాయి గానీ, డబ్బా తీసుకెళ్ళి పట్టుకునే నీటి దగ్గర ఆపాటి తనిఖీ కనిపించదు. ఇక్కడ నియంత్రణ పెంచమని అడగడం న్యాయం.

గొట్టపు గ్యాస్‌కు వచ్చేసరికి తూకం మారుతుంది. 2006 చట్టంతో ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు ఒక్కొక్క ప్రాంతాన్ని ఒక్కొక్క సంస్థకు కొంతకాలం ప్రత్యేక హక్కుతో అప్పగిస్తుంది. ఆ హక్కు లేకపోతే వీధులు తవ్వి గొట్టాలు వేసే పెట్టుబడి ఎవరూ పెట్టరు. గొట్టం ఒకటే అయినా వంటింటికి సిలిండర్ ఉంది కనుక ధర విషయంలో వినియోగదారు నిస్సహాయుడు కాడు. భద్రత మాట వేరు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ధరను వదిలేసి భద్రతను బిగించవలసిన సేవకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఫోను: సడలింపు ఫలించిన చోటు

1995లో సెల్‌ఫోన్ మొదలైనప్పుడు నిమిషానికి పదహారు రూపాయల దాకా ఉండేది, వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టవలసి ఉండేది. 1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వచ్చింది, 2000లో వివాదాల ట్రిబ్యునల్ వేరయింది, 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది, 2011లో నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు దేశమంతటా వచ్చింది. ధరను దాదాపు పోటీకే వదిలారు. పోటీ దానిని దించింది. నంబరు పోర్టబిలిటీ లాంటి నియమం లేకుంటే ఆ పోటీకి ఇంత బలం ఉండేది కాదు. ఒక్క హెచ్చరిక ఉంది. డజను కంపెనీలు మూడు ప్రైవేటు సంస్థలకు, ఒక ప్రభుత్వ సంస్థకు తగ్గాక, 2024 జులైలో మూడు ప్రైవేటు సంస్థలూ రోజుల తేడాతో ధరలు పెంచాయి. అప్పుడు చాలామంది ప్రభుత్వ సంస్థకు మారగలిగారు. పోటీదారుల సంఖ్య మీద కన్నేసి ఉంచడం కూడా నియంత్రణలో భాగమే.

బస్సు: తీర్పు చెప్పేవాడు ఎవరి మనిషి

ఈ విషయంలో దేశానికి న్యాయసూత్రం అందినది కృష్ణా జిల్లా నుంచే. 1958లో ఆర్టీసీ ఏర్పడగానే జిల్లాలోని బస్సు మార్గాలను జాతీయం చేసే పథకం ప్రకటించారు. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని విన్నది రవాణా శాఖను చూసే కార్యదర్శి, ఉత్తర్వు ఇచ్చింది ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడిన వివాదంలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పథకంతో సంబంధమున్న శాఖ అధికారే అభ్యంతరాలు వినడం, విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు కావడం న్యాయం కాదని చెప్పింది. తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా విని ఆమోదించాక, 1959లో అదే పథకాన్ని కోర్టు నిలబెట్టింది. అంటే జాతీయీకరణ తప్పని కోర్టు అనలేదు. వినే పద్ధతిని సరిచేసింది. ఏ నియంత్రణ సంస్థ గురించి ఆలోచించినా నాకు ముందుగా ఈ కేసే గుర్తుకు వస్తుంది.

ఈనాటి ఎంపిక విజయవాడ–హైదరాబాద్ మార్గంలో సంక్రాంతికి కనిపిస్తుంది. ప్రైవేటు బస్సు టికెట్ ఆ నాలుగు రోజుల్లో మామూలు ధరకు ఎన్నో రెట్లు అవుతుంది. దానికి గరిష్ఠ ధర కట్టాలన్న డిమాండ్ ప్రతి ఏటా వస్తుంది. గరిష్ఠ ధర పెడితే, తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావలసిన బస్సులు కొన్ని అసలు బయలుదేరవు, బయలుదేరిన వాటిలో సీటు చేతులు మారి అమ్ముడవుతుంది. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు ఎక్కువగా నడిపితే ప్రైవేటు ధర దానంతట అదే దిగుతుందని నేను అనుకుంటున్నాను. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వంలో కలిశాక జీతాల భారం సంస్థ మీద తగ్గింది గనుక, పండుగ రోజుల్లో ఆ బాధ్యత అడగడం సమంజసమే. ప్రైవేటు బస్సుల్లో బిగించవలసినది అత్యవసర ద్వారం, డ్రైవరు పని గంటలు, మంటలు ఆర్పే సాధనం. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కాలిపోయిన బస్సులో 45 మంది చనిపోయారు. టికెట్ ధర గురించి పడే ఘర్షణలో పదో వంతు కూడా మనం వీటి గురించి పడడం లేదు.

మిర్చి యార్డు: రైతు ఎక్కడ అమ్మాలి

1966 మార్కెట్ల చట్టం కింద నడిచే గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరుపొందింది. అక్కడ కొనేవాడికి లైసెన్సు ఉండాలి, కాటా ప్రభుత్వ ముద్ర ఉన్నది కావాలి, అమ్మకం మీద ఒక శాతం సెస్సు కట్టాలి. ఈ సెస్సు వృథా ఖర్చని, రైతు కళ్ళంలోనే, గిడ్డంగిలోనే నేరుగా అమ్ముకుంటే మేలని వాదించేవారు చాలామంది. సెస్సు, కమీషన్, మచ్చు కింద తీసే కాయ, నిమ్ము పేరిట చేసే కోత అన్నీ కలిపితే రైతు చేతికి వచ్చే సొమ్ము తగ్గుతుందన్న మాట నిజం.

అయితే బయట అమ్మే రైతు కోల్పోయేది కూడా ఉంది. యార్డులో ఒకరోజు వేల టిక్కీలకు పలికిన ధర అందరికీ తెలుస్తుంది. కళ్ళంలో బేరమాడే రైతుకు కూడా ఆ ధరే ఆధారం. అందరూ బయటికి వెళ్ళిపోతే ఆ ధర తెలిసే చోటే ఉండదు. అంతకన్నా ముఖ్యమైనది, కొన్నవాడు డబ్బు ఇవ్వకుండా ఐపీ పెడితే ఎవరిని అడగాలన్నది. యార్డులో లైసెన్సు ఉన్న కమీషన్ వ్యాపారి పేరు, పట్టీ అనే అమ్మకపు చీటీ, మార్కెట్ కమిటీ ఉంటాయి. జీరో వ్యాపారంలో, అంటే లెక్కలకు ఎక్కని అమ్మకంలో, పట్టీయే ఉండదు గనుక ఫిర్యాదూ ఉండదు. నేను లెక్కలు చూసిన ఒక చోట, ఊరి దగ్గర ఎక్కువ ధర ఇస్తానన్న వ్యాపారికి పంటంతా ఇచ్చిన ఒక కౌలురైతు, ఆ మనిషి ఐపీ పెట్టాక రెండేళ్ళు తిరిగినా తన పేరు ఏ కాగితంలోనూ చూపించలేకపోయాడు. క్వింటాలుకు కొన్ని వందలు ఎక్కువ వస్తాయని ఆశపడి అతను మొత్తం పోగొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఒక శాతం సెస్సును నేను బీమా కిస్తీగా చూస్తున్నాను.

నియంత్రణను పూర్తిగా ఎత్తివేసిన అనుభవమూ దేశంలో ఉంది. బీహార్ 2006లో తన మార్కెట్ చట్టాన్ని రద్దు చేసింది. దాని స్థానంలో ఆశించిన ప్రైవేటు మార్కెట్లు ఆ స్థాయిలో లేవలేదు. 2020లో కేంద్రం యార్డుల బయటి అమ్మకాలను విడుదల చేస్తూ తెచ్చిన చట్టాన్ని రైతు ఉద్యమం తర్వాత 2021లో ఉపసంహరించుకుంది. ధర మరీ పడిపోయినప్పుడు ప్రభుత్వం జోక్యం చేసుకునే మార్గం వేరుగా ఉంది. 2025లో మిర్చి ధర కూలినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించారు. అటువంటి ప్రకటన కూడా పట్టీ, నమోదు ఉన్న రైతుకే అందే అవకాశం ఎక్కువ.

నా సలహా ఇది. అప్పు తీర్చవలసిన గడువు దగ్గరగా ఉన్న చిన్న రైతు, కౌలురైతు యార్డులోనే అమ్మాలి. గిడ్డంగి రసీదు మీద బ్యాంకు రుణం తెచ్చుకుని ఆగగలిగిన రైతు, ఎగుమతిదారుతో రాతపూర్వక ఒప్పందం ఉండి సొమ్ము ముందుగా ఖాతాలో పడుతుంటే, బయట అమ్మవచ్చు. ఇక సంఘాలు అడగవలసినది సెస్సు రద్దు కన్నా, మచ్చు, నిమ్ము కోతలకు యంత్రంతో కొలిచిన లెక్క, అమ్మిన రోజే చెల్లింపు. 2016లో మొదలైన ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ ఆ దిశగా వేసిన అడుగే అయినా, ఆన్‌లైన్‌లో ధర వేసేవాడు కాయను చేత్తో పట్టి చూడకుండా నమ్మగలిగే నాణ్యత పరీక్ష లేకపోతే అది కాగితపు పని మాత్రమే అవుతుంది.

తనిఖీలు: మన మీద వచ్చే నియంత్రణ

గిడ్డంగి బల్ల దగ్గర రెండోసారి వచ్చే మాటకు ఇప్పుడు జవాబు చెప్పాలి. అనుమతుల కోసం తిరగడంలో చిన్న యజమానికి పోయే రోజులు పెద్ద కంపెనీకి పోవు, ఎందుకంటే పెద్ద కంపెనీకి అందుకు విడిగా మనుషులు ఉంటారు. 2015లో రాష్ట్రం సింగిల్ డెస్క్ పెట్టి 21 పని దినాల్లో అనుమతులు ఇస్తామన్నప్పుడు అందుకే చాలామంది సంతోషించారు. హద్దుల సంగతీ అంతే. 1948 కర్మాగారాల చట్టం కరెంటుతో నడిచేచోట 10 మంది, కరెంటు లేనిచోట 20 మంది పనివారు ఉంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతి ఆ సంఖ్యలను 20, 40 చేసింది. దీనివల్ల చిన్న వర్క్‌షాపుకు కాగితాల భారం తగ్గుతుంది, పదిహేను మంది పనిచేసే షెడ్డులోని కార్మికుడికి రక్షణా తగ్గుతుంది. ఆ లాభాన్నీ ఈ నష్టాన్నీ కలిపే చూడాలి.

2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు చెలరేగి పదిమంది చనిపోయారు. అదే ఏడాది మే 7న విశాఖలో స్టైరీన్ అనే విషవాయువు లీకై పన్నెండు మంది చనిపోయిన కర్మాగారం, కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే ఏళ్ళ తరబడి నడిచింది. ఈ రెండింటిలోనూ నియమాలకు కొరత లేదు. లోపించినది తనిఖీలో చూడవలసిన ఆ ఒక్క విషయాన్ని నిజంగా చూడడం. కనుక ఎంపిక చేసుకోవలసి వస్తే అనుమతుల సంఖ్య తగ్గించి, మిగిలిన వాటిని కఠినం చేయమని అడుగుతాను: ముప్పు తక్కువైన పనికి స్వీయ ధ్రువీకరణ చాలు, అమ్మోనియాతో నడిచే శీతల గిడ్డంగికి మాత్రం ఏడాదికోసారి లోపలికి వచ్చి కవాటాలు తిప్పి చూసే మనిషి కావాలి. ఈ మాట గిడ్డంగి యజమానులకు నచ్చలేదని నాకు తెలుసు. ఆ గిడ్డంగి పక్కనే ఇళ్ళు ఉంటాయి.

అభ్యంతరం రాసేటప్పుడు

డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాలను నవంబరు చివరికి మండలి ముందు పెడతాయి, పత్రికల్లో ప్రకటన వస్తుంది, బహిరంగ విచారణలు జరుగుతాయి, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధరలు అమలవుతాయి. ఎవరైనా, సంఘం లేకున్నా, అభ్యంతరం పంపవచ్చు. "ధర పెంచవద్దు" అని మాత్రమే రాసిన కాగితానికి జవాబు కూడా ఒక్క వాక్యంలోనే వస్తుంది. మీ ఫీడర్‌లో గత ఏడాది కరెంటు ఎన్ని గంటలు పోయిందో, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని రోజులకు మార్చారో, రాయితీ సొమ్ము ప్రభుత్వం నుంచి ఎప్పుడు అందిందో, ఏ సంవత్సరపు ట్రూఅప్ ఏ నెల బిల్లులోకి వచ్చిందో అంకెలతో అడిగితే, డిస్కం దానికి రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి, ఆ సమాధానం ఉత్తర్వులో అచ్చవుతుంది. మరుసటి ఏడాది కాగితం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ పేజీని ముందు పెట్టుకుని మొదలుపెట్టండి.